పంచాయతీ పర్మిషన్ ఉన్న ఇల్లు హైవేలో పోతే డబ్బు ఎవరికి?

ప్రశ్న: 2004లో ప్రకాశం జిల్లాలోని మా ఊళ్లో 5 సెంట్లు కొని రిజిస్టర్ చేయించుకున్నాను. పంచాయతీ పర్మిషన్‌తో ఇల్లు, ముందు కిరాణా కొట్టు కట్టుకున్నాం. అప్పటినుంచీ ఇంటి పన్ను కడుతూనే ఉన్నాను. ఇప్పుడు నేషనల్ హైవే విస్తరణలో మొత్తం పోతోంది. అవార్డులో, అంటే పరిహారం ఎవరికి ఎంతో తేల్చిన ఉత్తర్వులో మాత్రం మాకు అమ్మినాయన కొడుకుల పేర్లు వచ్చాయి. పేపర్లో ప్రకటన చూశాం గానీ, పర్మిషన్ ఉందిగా ఏం కాదని సర్పంచ్ అంటే ఊరుకున్నాం. ఇప్పుడు సర్పంచ్ ఎమ్మార్వో దగ్గరికి పొమ్మంటారు, ఎమ్మార్వో హైవే వాళ్లను అడగమంటారు, వాళ్లేమో ఆర్డీఓ అంటారు. టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పాత తేదీతో పంచాయతీ ఓనర్‌షిప్ సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఒకాయన అంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. ఆ కాగితం ముట్టుకోవద్దు. ఇప్పుడు మీరు హక్కుదారు, అది ఫైల్లో పెట్టిన మరుక్షణం ఫోర్జరీ కేసులో ముద్దాయి అవుతారు, మీ అసలు దస్తావేజును కూడా జడ్జి అనుమానంగా చూస్తారు.

మీరు రాసినదంతా చదివాను. కేసును తేల్చే మాట అందులో ఒక్కటే ఉంది, "2004లో రిజిస్టర్ చేయించుకున్నాను" అన్నది. ఇంటి పన్ను రసీదు యాజమాన్యానికి రుజువు కాదు, పంచాయతీ పర్మిషన్ కూడా రుజువు కాదు. సర్పంచ్ మిమ్మల్ని మోసం చేశారని నేను అనను, ఆయనకు లేని అధికారాన్ని ఉందనుకున్నారు, అంతే. జాతీయ రహదారులు రాజ్యాంగం ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 23వ అంశం. స్థానిక ప్రభుత్వాలు రాష్ట్ర జాబితాలో 5వ అంశం. రాజ్యాంగ 73వ సవరణ పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు రాసింది నిజమే, గ్రామీణ గృహ నిర్మాణం, రోడ్లు అందులో ఉన్నాయి, కానీ 243జి అధికరణ ప్రకారం పంచాయతీకి ఎంత అధికారం ఇవ్వాలో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఇవ్వాలి. రాష్ట్రానికే లేని అధికారం పంచాయతీకి ఎక్కడినుంచి వస్తుంది? 1956 జాతీయ రహదారుల చట్టం కింద సెక్షన్ 3డి ప్రకటన (భూమి తీసుకున్నట్టు కేంద్రం చేసే తుది ప్రకటన) గెజిట్‌లో వచ్చిన రోజే ఆ భూమి కేంద్రానిది అయిపోయింది.

మరి మిమ్మల్ని ఇన్ని ఆఫీసులు ఎందుకు తిప్పుతున్నారంటే, ఆర్డీఓ రాష్ట్ర ఉద్యోగే అయినా ఈ పనిలో కేంద్రం నియమించిన అధికారిగా కూర్చుంటారు. మీ అవార్డు మీద సంతకం ఎవరిదో చూడండి, ఆర్డీఓ కావచ్చు, జాయింట్ కలెక్టర్ కావచ్చు. మీ దరఖాస్తు వెళ్లాల్సింది ఆయనకే. ఎమ్మెల్యేకి, గ్రీవెన్స్‌కి ఇచ్చిన అర్జీలతో ఏ గడువూ ఆగదు.

కొంచెం కటువుగానే చెప్తాను. కొన్న తర్వాత ఇన్నేళ్లలో ఒక్కసారైనా మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) చేయించుకున్నట్టు లేరు, అందుకే అడంగల్లో, అంటే ఊరి భూముల రికార్డులో పాత పేరు, అందుకే అవార్డులో పాత పేరు. భూమి తీసుకోబోతున్నామని చెప్పే సెక్షన్ 3ఏ ప్రకటన తర్వాత అభ్యంతరానికి 21 రోజులు ఇస్తారు, పరిహారం తేల్చేముందు మళ్లీ పేపర్లో ప్రకటన వేసి క్లెయిములు పిలుస్తారు. రెండూ పోగొట్టుకున్నారు.

అయినా దారి మూసుకుపోలేదు. ముందు తెలుసుకోవాల్సింది, డబ్బు ఎవరికైనా ఇచ్చేశారా లేదా. ఇంకా ఆ అధికారి దగ్గరే ఉంటే రేపే సెక్షన్ 3హెచ్(4) కింద రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, పరిహారం ఎవరికి చెందాలన్న వివాదం ఉంది కాబట్టి జిల్లా కోర్టుకు రిఫర్ చేయమని, అప్పటిదాకా చెల్లింపు ఆపమని. అలాంటి వివాదాన్ని ఆ అధికారే తేల్చకూడదు, కోర్టుకు పంపాలని వినోద్ కుమార్ కేసులో 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. రసీదు మీద స్టాంపు, తేదీ లేకుండా ఆఫీసు నుంచి కదలొద్దు. డబ్బు అమ్మినాయన కొడుకులు తీసేసుకుని ఉంటే వాళ్ల మీద రికవరీ దావా వేయాలి, వాళ్లకు డబ్బు అందిన రోజు నుంచి 3 ఏళ్లలోపు.

పరిహారం తక్కువ అనిపిస్తే అది వేరే దారి. సెక్షన్ 3జి(5) కింద ఆర్బిట్రేటర్ (కేంద్రం నియమించే మధ్యవర్తి) దగ్గరికి వెళ్లాలి, మన దగ్గర సాధారణంగా కలెక్టర్‌నే నియమిస్తారు. ఆయన తీర్పు నచ్చకపోతే కోర్టుకు వెళ్లడానికి కాపీ అందిన రోజు నుంచి 3 నెలలు, తగిన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు, ఆ తర్వాత ఒక్క రోజు ఆలస్యమైనా మన్నించే అధికారం ఏ కోర్టుకూ లేదు. కాపీ కవరు మీది పోస్టల్ ముద్రను కూడా దాచుకోమని నా కక్షిదారులందరికీ చెప్తాను.

దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, 2004 నుంచి ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), అమ్మినాయన లింకు డాక్యుమెంట్లు, అంటే ఆయనకు ఆ స్థలం ఎలా వచ్చిందో చూపే పాత కాగితాలు తీయండి. దస్తావేజులోని సర్వే నంబరు, హద్దులు 3డి గెజిట్‌లోని సర్వే నంబరుతో కలుస్తున్నాయో లేదో సర్వేయర్‌తో చూపించండి, ఇక్కడ తేడా వస్తే మిగతావన్నీ వృథా. మీ పంచాయతీ ప్లాను, పన్ను రసీదులు, కరెంటు బిల్లులు పారేయకండి. నేల మీద హక్కు చూపించవు గానీ, 3ఏ ప్రకటనకు ముందే కట్టడం ఉందని చూపిస్తాయి, కట్టడం విలువ దాని మీదే కడతారు, సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే డబ్బు) కూడా ఆ విలువ మీద వస్తుంది.

ఖాళీ చేయమన్న నోటీసు అందితే 60 రోజులు టైం ఉంటుంది. అది అయ్యేలోపు ప్రతి గదిని కొలతలతో ఇంజినీరు చేత అంచనా వేయించి, కొట్టు సహా ఫోటోలు, వీడియో తీయించి పెట్టుకోండి.