సీతాఫలం మీది ఈగను వదలకు

చిరంజీవి అమ్మాయికి,

ఈగ మెదడు మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే మనిషి మెదడు, 8,600 కోట్ల న్యూరాన్లు (నాడీకణాలు), విశ్వరహస్యం అన్నీ వచ్చేశాయి. అంత ఎత్తున మొదలుపెడితే పాఠకుడికి కాలు మోపే చోటు దొరకదు. నాలుగో పేజీలో ఒక ఈగ ఉంది చూడు, దాన్ని తెచ్చి మొదట్లో పెట్టు.

సీతాఫలాల కాలంలో బాలానగర్ దగ్గర రోడ్డు పక్కన గంపలు పెడతారు కదా, మెత్తబడి పగిలిన పండు మీద ముసిరే నువ్వుగింజంత ఈగ. ఆ కోవకు చెందిన ఆడ ఈగ మెదడునే దాదాపు 7,000 పలుచని పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఫొటోలు తీసి, అందులోని న్యూరాన్ల అల్లిక పూర్తి పటాన్ని 2024లో ప్రచురించారు. 1,39,255 న్యూరాన్లు, వాటి మధ్య ఐదు కోట్లకు పైగా అనుసంధానాలు. అంకెలు రాసి ఊరుకోకు. ఒక పొరలోని న్యూరాన్ తీగను పక్క పొరలోని దాని కొనసాగింపుతో కంప్యూటర్ కలుపుకుంటూ పోయింది. అది పొరబడినచోట మనుషులు కూర్చుని సరిచేశారు. పిల్లలమర్రి దగ్గర నిలబడి ఏ ఊడ ఏ కొమ్మదో ఎప్పుడైనా వెతికావా? రెండు కొమ్మలు దాటగానే కన్ను తప్పుతుంది. ఒకసారి వెళ్లి చూసి, ఆ తర్వాత ఆ పేరా రాయి.

నువ్వు రెండు వాక్యాల్లో దాటేసిన వాసన సంగతే ఈ వ్యాసానికి ప్రాణం. పండు వాసన దాదాపు 50 రకాల న్యూరాన్ల మీదుగా వచ్చి సుమారు 2,000 కణాలకు పాకుతుంది. ఒక్కో కణం ఆరేడు న్యూరాన్ల మాటే వింటుంది, అదీ చాలావరకు కలగాపులగంగా. చివరికి నూటికి ఐదు కణాలే పలుకుతాయి. ఆ కొన్నే ఆ వాసనకు గుర్తు. పోలికలు వెతికే కంప్యూటర్ పద్ధతులు సాధారణంగా సమాచారాన్ని కుదిస్తాయి, ఈగ దాన్ని ముందు 50 నుంచి 2,000కు పరుస్తుంది. ఈ కిటుకుతోనే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలు పోలికలు వెతికే కొత్త కంప్యూటర్ పద్ధతి తయారుచేశారు. పటం పూర్తయ్యాకే అది వచ్చినట్టు రాశావు, సరిచెయ్యి.

'మెదడు గుట్టు రట్టయింది' అన్న శీర్షిక తీసెయ్యి. మిల్లీమీటరు పొడవుండే నులిపురుగు 302 న్యూరాన్ల పటం 1986లోనే అచ్చయింది. అయినా ఆ పటం ఒక్కటే చూసి పురుగు ఎటు మళ్లుతుందో ఈనాటికీ చెప్పలేరు. ఏ అనుసంధానం ఎంత బలమైనదో, ఏ రసాయనం ఎప్పుడు ఊరుతుందో అందులో కనిపించవు. నీకు ఇది తెలుసు, రాయడానికి జంకావు. నాకు అన్నిటికన్నా చదవాలనిపించింది అదే.

దీపావళిలోపు తిరగరాసి పంపు. గంపల దగ్గరికి వెళ్లినప్పుడు ఈగ కళ్ల రంగు ఏమిటో దగ్గరగా చూసి రాయి.

ఆశీస్సులతో,
నీ పెద్దనాన్న
మహబూబ్‌నగర్