ఆగస్టులో వెళితే వైల్డ్‌బీస్ట్‌లు మారా నది దాటడం తప్పకుండా కనిపిస్తుందా?

మీరు అడిగినవి రెండు. ఆగస్టులో కెన్యాలోని మసాయి మారా రిజర్వులో మూడు రోజులుంటే వైల్డ్‌బీస్ట్‌లు (ఆవులాంటి అడవి జంతువులు) నది దాటడం గ్యారంటీగా చూపిస్తామని ఏజెంట్ అంటున్నాడు, నమ్మొచ్చా? డెబ్బై దగ్గర పడిన అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లొచ్చా?

మొదటిదానికి జవాబు: ఆగస్టు నిజం, గ్యారంటీ అబద్ధం.

నేనూ మా ఆవిడా వెళ్లింది ఆగస్టు నెలాఖరులోనే. మా బండి నడిపిన గైడ్ అక్కడి మసాయి తెగ మనిషి, ఏళ్ల తరబడి అదే పని. మంద ఏ రేవు దగ్గర పోగవుతుందో చెప్పగలను గానీ ఎప్పుడు దిగుతుందో చెప్పలేనని మొదటి పూటే తేల్చేశాడు. ఆ మాట అన్నందుకే అతని మీద నాకు గురి కుదిరింది. మీ ఏజెంట్ కూడా అలా అని ఉంటే నేను ఇంత పొడుగు జవాబు రాసేవాణ్ణి కాదు.

గడ్డి కోసం ఈ మందలు ఏటా చేసే వలసకు తేదీలుండవు. వాన ఎటు కురిస్తే గడ్డి అటు మొలుస్తుంది, గడ్డి ఎటుంటే మంద అటు. జనవరి చివర నుంచి మార్చి దాకా అవి టాంజానియాలో, సెరెంగెటి జాతీయవనానికి దక్షిణాన ఉండూటు అనే మైదానాల్లో ఉంటాయి. పాత అగ్నిపర్వతాల బూడిద పడిన నేల అది. గడ్డి పొట్టిగా ఉన్నా ఖనిజాలు దండిగా ఉంటాయి, పాలిచ్చే తల్లులకు కావాల్సిందదే. ఈనడాలన్నీ అక్కడే, దాదాపు అన్నీ ఒకేసారి, రెండు మూడు వారాల్లో. అక్కడ ఎండలు ముదిరి గడ్డి అయిపోయాక వాయవ్యంగా కదిలి, మే, జూన్‌లలో గ్రుమెటి నది దాటి, జూలైకి మారా నది ఒడ్డుకు చేరతాయి. అక్టోబరు, నవంబరులో చినుకులు పడగానే మళ్లీ దక్షిణానికి మళ్లుతాయి.

చాలామంది అనుకునేదేమిటంటే మంద ఒకసారి నది దాటి కెన్యాలోకి వస్తుంది, మళ్లీ ఒకసారి దాటి వెళ్లిపోతుంది అని. అలా కాదండి. అవతల ఒడ్డున వాన పడిందంటే దాటుతాయి, నాలుగు రోజులకు ఇవతల పడితే వెనక్కి దాటుతాయి. ఒకే సీజన్‌లో ఒకే జంతువు చాలాసార్లు నదిలో దిగొచ్చు. మీ ఆశ నిలబడేది కూడా దీనివల్లే. ఇంకో సంగతి, ఈ నది ఒక్క కెన్యాదే కాదు. మావు కొండల్లో పుట్టి, మారా రిజర్వు గుండా పారి, టాంజానియాలోకి వెళ్లి విక్టోరియా సరస్సులో కలుస్తుంది. సెరెంగెటి ఉత్తర కొసన కొగటెండె దగ్గర కూడా ఇదే నదిని దాటతాయి. కాబట్టి ఎవరైనా టాంజానియా ప్యాకేజీ చెబితే వెంటనే కొట్టిపారేయకండి.

ఇక అసలు విషయం. మీరు డబ్బు పెట్టేది ఎక్కువగా ఎదురుచూడటానికి. ఇది ముందే మనసుకు చెప్పుకుంటే ట్రిప్పు బాగుంటుంది.

మేము చూసిన చోట ఒడ్డు రెండు నిలువుల ఎత్తున కోసేసినట్టు ఉంది. దానికి ఎదురుగా, ఏటవాలుగా దిగే దారి దగ్గర కొన్ని వేల వైల్డ్‌బీస్ట్‌లు, మధ్య మధ్య జీబ్రాలు. మా గైడ్ బండిని ఒడ్డుకు చాలా దూరంగా పొదల వెనక ఆపి ఇంజను కట్టేశాడు. ముందున్న జంతువు గట్టు అంచుకొచ్చి తల వంచి నీళ్లు వాసన చూస్తుంది. వెనక ఉన్నవి నెడుతుంటాయి. పుష్కరాల్లో చివరి మెట్టు మీద జంకుతూ నిలబడ్డవాణ్ణి వెనక జనం తోసినట్టే ఉంటుంది ఆ వాలకం. ఇంతలో ఒక జీబ్రా ఉలిక్కిపడి ముక్కుతో బుస్సుమంటుంది, లేదా ఒక పిట్ట లేస్తుంది. అంతే, మొత్తం మంద గిర్రున తిరిగి దుమ్ము లేపుకుంటూ అరకిలోమీటరు వెనక్కి పరుగు. ఆ దుమ్ము సర్దుకునేసరికి మళ్లీ ఒకటి ముందుకొస్తుంది. ఎవరూ నాయకులు కారు. ఎవరికి తోచితే వాళ్లు ముందు. మధ్యాహ్నం దాకా ఇదే తంతు. మా పక్క బండిలో వాళ్లు విసుగెత్తి సింహాల వెంట వెళ్లిపోయారు. పాపం, వాళ్లు వెళ్లిన కాసేపటికే దిగాయి.

ఒక్కటి దూకిందంటే ఇక ఆగదు. అప్పటిదాకా అన్ని గంటలు తటపటాయించినవి ఇవేనా అనిపిస్తుంది. గొంతులోంచి వచ్చే ఆ మూలుగు లాంటి అరుపు ఒక్కోటి చిన్నదే, వేల గొంతులు కలిసేసరికి బండి తలుపు మీద పెట్టిన చేతికి అదురు తెలిసింది. నీళ్లలో తలలు మాత్రమే కనిపిస్తాయి, ముక్కులు పైకెత్తి, కళ్లు తేలేసి. ప్రవాహం లాగేస్తుంటే వరస విల్లులా వంగిపోతుంది. అసలు గండం అవతలి ఒడ్డున. ముందు ఎక్కినవాటి ఒంటి నీళ్లు కారి మట్టి జారుడైపోతుంది, వెనకవి సగం ఎక్కి జారి కింద వాటి మీద పడతాయి. ఆ తొక్కిసలాట చూడలేక మా ఆవిడ కళ్లజోడు తీసేసింది.

మొసళ్ల సంగతి అందరూ అడుగుతారు. మేము ఒకదాన్నే చూశాం, అదీ టీవీలో చూపించినంత హడావుడిగా లేదు. వరసలో ఒక తల మునిగింది, మళ్లీ లేవలేదు. పక్కవి ఈదుతూనే ఉన్నాయి.

నన్ను కదిలించింది వేరే. మంద అవతల ఎక్కి మేతకు పోతుంటే ఒక ఆడది మాత్రం ఒడ్డునే నిలబడి ఇటు తిరిగి అరుస్తూ ఉంది. పిల్ల కనబడలేదు కాబోలు. అటూ ఇటూ కాసేపు తిరిగి, అంత కష్టపడి ఎక్కిన గట్టు మళ్లీ దిగి నీళ్లలోకి వచ్చేసింది. ఇలా వెనక్కి దాటే తల్లులు ఎప్పుడూ ఉంటాయని గైడ్ అన్నాడు.

చనిపోయేవి ఎక్కువగా మునిగీ, తొక్కిసలాటలోనూ పోతాయి. మర్నాడు నది కిందికి వెళితే కంపు ముందు వచ్చింది, ఆ తర్వాత రాళ్లకు చిక్కుకున్న ఉబ్బిన కళేబరాలు, వాటి మీద రాబందులు, మారబూ కొంగలు. అమెరికా పరిశోధకులు 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం మూకుమ్మడిగా మునిగి చచ్చేవి ఏడాదికి సగటున 6,250. అంటే సుమారు 1,100 టన్నుల మాంసం నదిలో చేరుతుంది. అందులో మొసళ్లు తినేది 2 శాతమే. మిగతాది చేపలకు, పురుగులకు, పక్షులకు పోగా, ఎముకలు ఏడేళ్ల దాకా కరుగుతూ నీటికి భాస్వరం అందిస్తాయట. పదమూడు లక్షల మందలో ఆరు వేలంటే అర శాతం కూడా కాదు. ఒడ్డున నిలబడి చూసేటప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ గుర్తుకు రావు.

ఆ పదమూడు లక్షలు కూడా అనాదిగా ఉన్నవి కావు. 1890ల్లో రిండర్‌పెస్ట్ అనే పశువ్యాధి తూర్పు ఆఫ్రికా అంతా పాకి, ఆవులతో పాటు అడవి జంతువులనూ ఊడ్చేసింది. 1961లో లెక్కపెడితే వైల్డ్‌బీస్ట్‌లు రెండున్నర లక్షలే. చుట్టుపక్కల ఊళ్ల పశువులకు టీకాలు వేయడంతో అడవిలో రోగం ఆగిపోయి, 1977కల్లా పదమూడు లక్షలయ్యాయి. ఊళ్లో ఆవుకు వేసిన సూది అడవిలో మందను పెంచింది. నదిని చూసి వచ్చే జనంలో ఈ కథ తెలిసినవాళ్లు తక్కువ.

ఇప్పుడు బండ్ల గోల. ఇది చెప్పకపోతే నాకు మనసొప్పదు. మంద ఒడ్డుకు రాగానే డ్రైవర్ల రేడియోలు మోగుతాయి, అరగంటలో బండ్లు బారులు తీరతాయి. మేమున్నప్పుడే ఒక బండి ఫొటో కోసం దిగే దారికి అడ్డంగా వెళ్లి నిలబడింది, మంద బెదిరి వెనక్కి మళ్లింది. 2025 జూలైలో కొగటెండె వైపు పర్యాటకులు ఏకంగా బండ్లు దిగి గట్టు మీద గోడలా నిలబడిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. టాంజానియా అధికారులు ఆ తర్వాత నిబంధనలు బిగించారు. మీ గైడ్‌కు మొదటి రోజే చెప్పండి: దూరంగా ఆపినా పర్లేదు, దాటడం మొదలయ్యాక ముందుకెళ్దాం అని. చాలామంది గైడ్లు టిప్పు తగ్గుతుందనే భయంతోనే దగ్గరకు తోలతారు. మీరు ఆ మాట అంటే వాళ్లకూ టెన్షన్ తగ్గుతుంది.

మూడు రోజులు అంటున్నారు. వచ్చే రోజు, పోయే రోజు ప్రయాణానికే పోతాయి, మిగిలేది ఒక్క పూర్తి రోజు. కనీసం నాలుగు రాత్రులు పెట్టుకోండి. నైరోబీలో షాపింగ్ రోజు ఉంటే తీసేయండి. బస నదికి దగ్గరగా ఉండాలి. రిజర్వు గేటు బయట చవకగా దొరుకుతుంది గానీ రోజూ పొద్దున రానూ పోనూ బోలెడు సమయం తింటుంది. ఖర్చు తక్కువేం కాదు. 2024లో పెంచాక జూలై నుంచి డిసెంబరు దాకా రిజర్వు ప్రవేశ రుసుమే విదేశీ పెద్దవాళ్లకు తలకు రోజుకు 200 డాలర్లు, అదీ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే. ప్యాకేజీలో ఇది కలిసిందో లేదో రాతపూర్వకంగా అడగండి.

ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోవద్దు. బయలుదేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్ చేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అరవై దాటినవాళ్లకు ఈ టీకాతో ఇబ్బందులు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ, అందుకని అమ్మానాన్నలను ముందు వాళ్ల డాక్టరుకు చూపించండి. మీ ప్రయాణం ఖాయమయ్యేది అక్కడే.

డాక్టరు సరే అంటే నిక్షేపంగా తీసుకెళ్లండి. రోజంతా బండిలో కూర్చునేదే కాబట్టి నడక సమస్య లేదు. ఇబ్బందల్లా బాత్‌రూమ్. నది దగ్గర గంటల తరబడి ఆగినప్పుడు గైడ్ చుట్టూ చూసి సరే అన్నాక పొద చాటుకు వెళ్లడమే. అమ్మకు ఈ విషయం ఇక్కడే చెప్పి ఒప్పించండి. ఆఫ్రికా కదా అని స్వెట్టర్లు మానేయకండి, అక్కడ ఆగస్టు తెల్లవారుజాములు వణికిస్తాయి. తిండికి బెంగ లేదు, చపాతీ, అన్నం, కూర అడిగితే చేసిపెడతారు. ఆవకాయ, కారప్పొడి డబ్బాల్లో సర్దుకోండి. కెన్యాలో ప్లాస్టిక్ సంచుల మీద 2017 నుంచి నిషేధం ఉంది, క్యారీబ్యాగులు అసలు పెట్టుకోవద్దు.

నాన్నగారికి నడుం నొప్పి ఉందని రాశారు. నైరోబీ నుంచి నరోక్ మీదుగా రోడ్డున వెళితే ఐదారు గంటలు, రిజర్వులోకి వెళ్లాక కుదుపులే కుదుపులు. కాస్త ఖర్చయినా వాళ్లిద్దరినీ నైరోబీలోని విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి చిన్న విమానంలో పంపండి, ముప్పావుగంటలో దిగిపోతారు. కాకపోతే ఆ విమానాల్లో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగుల్లోనే. గట్టి సూట్‌కేసులు రోడ్డున వచ్చే మీ బండిలో పడేసుకోండి.