మద్రాసు కూరకు మద్రాసుతో పనిలేదు

(ఇంగ్లండులో మన భోజనం గురించి ఈసారి మూడు ఉత్తరాలు. జవాబులు నావి. మాది కాకినాడ. పెళ్లయి బర్మింగ్‌హామ్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది.)

ప్రశ్న: మా అబ్బాయి డెర్బీలో ఉద్యోగం చేస్తాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక శనివారం ‘ఇండియన్ రెస్టారెంట్’కి తీసుకెళ్లాడు. చికెన్ మద్రాస్, కోర్మా, దోప్యాజా తెప్పించాం. పైపైన తేడా ఉన్నా మూడిటికీ అడుగున రుచి ఒకటే. మద్రాసులో పాతికేళ్లు పనిచేసిన మావారు ‘ఈ కూర నేనక్కడ ఏనాడూ తినలేదే’ అన్నారు. వడ్డించిన కుర్రాణ్ణి ఏ ఊరు నాయనా అంటే బంగ్లాదేశ్ అన్నాడు. మరి బోర్డు మీద ఇండియన్ అని ఎందుకు రాసినట్టు? మోసపోయామా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మోసం ఏమీ లేదమ్మా. మీ నాలుక మాత్రం గట్టిది, అడుగు రుచి ఒకటేనని పట్టేశారు. వచ్చిన కొత్తలో, 2004లో, మా వీధి చివరి హోటల్లో నేనూ ఇదే మాట మీద గొడవకి దిగాను. అక్కడి పెద్దాయన కోప్పడకుండా ‘రండి, చూద్దురుగాని’ అని వంటింట్లోకి తీసుకెళ్లాడు.

పొయ్యి పక్కన నడుమెత్తు గిన్నె ఉంది. దాన్నిండా చిక్కటి పసుపుపచ్చ గుజ్జు. బోలెడు ఉల్లిపాయలు, కాస్త క్యారెట్టు, కాప్సికం, అల్లం వెల్లుల్లి, పసుపు వేసి గంటల తరబడి ఉడికించి మెత్తగా చేసి పెట్టుకుంటారు. దాన్ని బేస్ గ్రేవీ అంటారు. చికెనూ ముందే ఉడికి ఉంటుంది. ఆర్డరు రాగానే వంటాయన పెనంలో ఒక గరిటె నూనె పోసి, అల్లం వెల్లుల్లి ముద్ద, మసాలా పొడి, బాగా దట్టించి కారం, టమాటా ముద్ద వేశాడు. మంట పెనం అంచెక్కి లోపలికి తొంగిచూస్తుంటే రెండు గరిటెల గుజ్జు పోశాడు. చుయ్యిమంది. ముక్కలు వేసి, నిమ్మకాయ పిండి దించాడు. అదే మద్రాస్. ఆ కారం మానేసి కొబ్బరిపొడి, పంచదార, క్రీము వేస్తే కోర్మా. ఉల్లిపాయ పెచ్చులు ఎక్కువ పడితే దోప్యాజా. ఒక్కోదానికి పది నిమిషాలైనా పట్టలేదు. మద్రాస్ అంటే అక్కడ ఊరు కాదు, కారం కొలత. కోర్మా కింది మెట్టు, మద్రాస్ దానికి బాగా పైన, విందాలూ ఇంకా పైన. ఆ విందాలూ గోవాలో పోర్చుగీసువాళ్ల వెనిగరు, వెల్లుల్లి మాంసం నుంచి పుట్టింది. పేరులో ‘ఆలూ’ వినబడిందని కొన్ని హోటళ్లలో బంగాళాదుంపలు కూడా వేసేస్తారు!

ఇక బోర్డు సంగతి. బ్రిటన్‌లో ఈ హోటళ్లు ఎక్కువగా నడిపేది సిల్హెట్ వాళ్లు. ఓడల్లో బొగ్గు ఎగదోసే పనికి చేరి, రేవుల్లో దిగిపోయి, చిన్న చిన్న కాఫీ హోటళ్లు పెట్టుకున్నవాళ్లతో ఇది మొదలైంది. 1947 దాకా సిల్హెట్ మన అస్సాంలోదే, అంటే మొదట బోర్డు రాయించుకున్నవాళ్లు ఇండియన్లే. తర్వాత ఆ ఊరు తూర్పు పాకిస్తానైంది, 1971లో బంగ్లాదేశైంది. తెల్లవాళ్లకి తెలిసిన మాట ఇండియన్ ఒక్కటే, అందుకని బోర్డు అలాగే ఉండిపోయింది. 2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాని బ్రిటన్ జాతీయ వంటకం అన్నాడు. ఆ లెక్కన మీరు తిన్నది ఇంగ్లీషు భోజనం. అలా అనుకుని తింటే నాకైతే బాగానే దిగుతుంది.

ఓ రోజు రాత్రి బాగా పొద్దుపోయాక పార్సిలు కోసం అదే హోటలుకి వెళ్లాను. కుర్చీలు బల్లల మీదికెక్కించి, ఒక మూల పనివాళ్లంతా అన్నానికి కూర్చున్నారు. ఎండుచేపల వాసన! ప్రాణం లేచొచ్చింది. మన దబ్బకాయ లాంటి సాత్కొరా తొక్క వేసి వండిన చేపల కూర ఇంకోటి. ‘ఇది మెనూలో పెట్టరేం?’ అన్నాను. ‘ఇది మేం తినేది ఆపా (అక్కా), మీకు నచ్చదు’ అన్నాడు పెద్దాయన. నేను కుర్చీ దింపుకుని కూర్చున్నాను. ఈసారి వెళ్తే మీ అబ్బాయిని ఒకరోజు ముందే ఫోన్ చేసి ‘స్టాఫ్ కర్రీ’ ఉంటుందా అని అడగమనండి. అన్నిచోట్లా పెట్టరు. పెట్టినచోట మాత్రం మీవారు ఇంకోసారి అన్నం అడుగుతారు.

ప్రశ్న: కోవెంట్రీలో చదువుకుంటున్నాను. ఐదుగురం స్నేహితులం ఇండియన్ హోటల్లో తింటే పన్నెండున్నర శాతం సర్వీస్ ఛార్జి కలిపారు. నీళ్ల సీసాకి, అడగకుండా తెచ్చిపెట్టిన అప్పడాలకి కూడా డబ్బులు వేశారు. ఇవన్నీ కట్టాల్సిందేనా?
– ఒక విద్యార్థి, కోవెంట్రీ

జవాబు: అప్పడం తిన్నాక ఏం చేస్తాం తమ్ముడూ! బల్ల మీద పెట్టగానే ‘వద్దండీ’ అనేయాలి. నీళ్లు కావాలంటే ‘ట్యాప్ వాటర్’ అని విడమరిచి అడుగు. ఉత్త ‘వాటర్’ అంటే సీసా తెస్తారు. మద్యం అమ్మే లైసెన్సు ఉన్న చోట కుళాయి నీళ్లు అడిగితే ఊరికే ఇవ్వాలని 2010 నుంచి నిబంధన ఉంది.

సర్వీస్ ఛార్జి పక్కన ‘డిస్క్రెషనరీ’ అని ఉంటే అది నీ ఇష్టం. తీసేయమనొచ్చు, తప్పేం లేదు. కానీ 2024 అక్టోబరు 1 నుంచి ఆ డబ్బులో యజమాని కోత పెట్టుకోకూడదు, మొత్తం పనివాళ్లకే పంచాలి. వడ్డించినవాడు విసుక్కుంటే తీయించు, మర్యాదగా చూస్తే ఉండనీ.

ప్రశ్న: మా అమ్మాయి చదువుకి లెస్టర్ వెళ్తోంది. మాంసం సరే, గుడ్డు కూడా ముట్టదు. మెనూలో ‘వెజిటబుల్ కర్రీ’ అని ఉంటే నమ్మొచ్చా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: కూర కంటే ముందు నాన్ సంగతి అడగమనండి. చాలాచోట్ల పిండిలో గుడ్డు కలుపుతారు. రొట్టెలో గుడ్డేమిటని మనకి తోచదు, మా అత్తగారు నాలుగు నెలలు తిన్నాక తెలిసింది. ఆ గొడవ ఇక్కడెందుకు లెండి. 2014 డిసెంబరు నుంచి హోటళ్లన్నీ పద్నాలుగు అలర్జీ పదార్థాల వివరం చెప్పి తీరాలి. గుడ్డు, పాలు, చేప ఆ పద్నాలుగులో ఉన్నాయి. ‘అలర్జెన్ షీట్’ చూపించమంటే ఏ వంటకంలో గుడ్డు పడిందో తెలిసిపోతుంది. మాంసం ఆ జాబితాలో లేదు. అందుకని కూర గుజ్జులో చికెన్ ఉడికిన నీళ్లు పోశారా అని నోరు తెరిచి అడగాల్సిందే.

లెస్టర్ వెళ్లడం మాత్రం మీ అమ్మాయి అదృష్టం. 1972లో నియంత ఇడీ అమీన్ ఉగాండా నుంచి తరిమేసిన గుజరాతీలు ఎందరో ఆ ఊళ్లో స్థిరపడ్డారు. బెల్‌గ్రేవ్ రోడ్డుకి వెళ్తే ఉత్త శాకాహార హోటళ్లు చాలా ఉంటాయి. కాకపోతే పప్పులో బెల్లం వేస్తారు. కరీంనగర్ పిల్లకి మొదట్లో ఏడుపొస్తుంది. ఒక సీసాడు పల్లికారం కట్టి పంపండి. నెయ్యి మాత్రం పెట్టకండి, పాలతో చేసినవి విమానాశ్రయంలో తీసేసుకుంటారు. అది ఆ రోడ్డు మీదే దొరుకుతుంది.