డెడ్‌లిఫ్ట్ సరే, ముందు ఆ కాలి తిమ్మిరి సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. నడుము స్ట్రాంగ్ అవ్వాలని 4 నెలలుగా డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు రాడ్‌ని వంగి పట్టుకుని నిటారుగా లేచే వ్యాయామం) చేస్తున్నా, ఇప్పుడు 80 కిలోలు లేపుతున్నా. 3 వారాలుగా నడుము పట్టేసి ఎడమ కాలు బొటనవేలి దాకా లాగుతోంది, తిమ్మిరి కూడా ఉంది. పెయిన్ కిల్లర్ వేసుకుని జిమ్‌కి వెళ్తే ఇబ్బంది ఉండట్లేదు. కరెక్ట్ టెక్నిక్ ఏంటి? బెల్ట్ వాడాలా?

జవాబు: ముందు జిమ్‌లో బరువులు ఆపేయండి. మీరు అడిగింది టెక్నిక్ గురించే గానీ నా కన్ను మాత్రం బొటనవేలి దాకా లాగుతోంది అన్న దగ్గరే ఆగిపోయింది. కండరం పట్టేస్తే నొప్పి మామూలుగా నడుములోనో, పిర్రలోనో ఉంటుంది, మోకాలు దాటి పాదంలోకి దిగి తిమ్మిరి కూడా ఉందంటే డిస్క్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, జరిగి నరాన్ని నొక్కుతోందేమో చూడాలి. బొటనవేలి వైపంటే ఎక్కువగా ఎల్5, అంటే నడుము దగ్గర వెన్నులోంచి కాలికి దిగే ఐదో నరం. మిమ్మల్ని పరీక్షించకుండా ఇదే అని చెప్పలేను.

ఇంట్లో ఒకటి చూసుకోండి. గోడ పక్కన నిలబడి మడమల మీద పది అడుగులు నడవండి. ఎడమ పాదం ముందు భాగం పైకి లేవకపోయినా, నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు తెలియకుండా జారిపోతున్నా నరం బలహీనపడుతోందని అర్థం, అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక ఆ బిళ్ల. నొప్పి తెలియకుండా చేసుకుని 80 కిలోలు లేపుతున్నారు, అంటే ఒళ్లు వద్దు అని చెప్తుంటే దాని నోరు నొక్కేస్తున్నారు. ఇలాంటి వాళ్లు నా ఓపీకి వస్తూనే ఉంటారు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలలు మింగేసి, ఇక నడవలేకపోతే అప్పుడు వస్తారు. డైక్లోఫెనాక్ లాంటివి రోజూ వేస్తే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు, చెమట పట్టి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీల మీద ఇంకా భారం. మీరు చదువుకున్నవాళ్లు, మీరే ఇలా చేస్తే ఎలా అండీ?

టెక్నిక్ కూడా చెప్తా, కానీ ఇది డాక్టర్ ఓకే అన్నాకే. వంగాల్సింది నడుములో కాదు, తుంటి దగ్గర. రెండు చేతుల్లో గిన్నెలుంటే ఫ్రిజ్ తలుపు పిర్రలతో వెనక్కి నెడతాం చూడండి, అచ్చం అలా. ఒక కర్ర వీపుకి ఆనించి పట్టుకుంటే తల వెనక, భుజాల మధ్య, నడుము కింద ఎముక దగ్గర, ఈ మూడు చోట్లా తగులుతూనే వంగాలి, ఒక్క చోట వదిలినా వీపు గుండ్రం అయిపోయినట్టే. అది వచ్చాకే ఖాళీ రాడ్, అదే మామూలుగా 20 కిలోలుంటుంది. రాడ్ కాళ్లకి దాదాపు తగులుతూ పైకి రావాలి, దూరమైతే ఆ భారమంతా నడుము మీదే పడుతుంది. పొద్దున లేచిన గంటలోపు ఇది వద్దు, రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. బెల్ట్ పొట్ట బిగించడానికి కొంత సాయం చేస్తుంది గానీ జరిగిన డిస్క్‌ని ఆపదు.

అలాగని మంచం పట్టకండి, మెల్లగా నడుస్తూ ఉండండి. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే కారిపోతున్నా, మల, మూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ తగ్గినా, రెండు కాళ్లూ లాగుతున్నా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి, ఎమ్మారై తీసి అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. అవేవీ లేకపోయినా ఈ వారంలోనే ఆర్థోకో న్యూరోకో చూపించుకోండి. వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ మింగిన బిళ్లల స్ట్రిప్పులు తీసుకెళ్లి చూపించండి.