జిమ్‌కి వెళ్లే ముందు ఇది చదువు, నాన్నా

చిరంజీవి చిన్నోడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నడుము నొప్పి కాస్త తగ్గిందనీ, సోమవారం నుంచి మళ్లీ జిమ్‌కి వెళ్తానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. వ్యాయామం మానేయమని మాత్రం చెప్పను. నాకు వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారినప్పుడు మూడు వారాలు మంచం దిగలేదు, లేచేసరికి కాళ్లలో సత్తువే లేదు. ఆ తర్వాత తొందరపడి ఒక యోగా క్లాసులో కాలివేళ్లు అందుకోబోయాను. నడుము కలుక్కుమంది. నొప్పి తొడ వెనక నుంచి పిక్క దాకా జివ్వుమని దిగింది.

నన్ను మళ్లీ నిలబెట్టిన ఫిజియోథెరపిస్టు మొదట నేర్పింది ఒక్కటే: నొప్పి ఎటు పోతోందో గమనించమని. కాల్లో ఉన్న నొప్పి పైకి జరిగి నడుములోకి చేరితే మంచిదే, అక్కడ కాస్త ఎక్కువైనా భయపడక్కర్లేదు. నడుములోది పిరుదుకీ పిక్కకీ దిగుతుంటే ఆ వ్యాయామం అక్కడితో ఆపెయ్. మెడ నొప్పి భుజం దాటి చేతివేళ్ల వైపు పాకినా అంతే. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ 1950లలో పట్టుకున్న సంగతట ఇది. ఇంకోటి, మర్నాడు ఎలా లేచావో చూసుకో. ముందురోజు కంటే బిగుసుకుపోయి లేచావంటే నిన్న చేసింది ఎక్కువైందని అర్థం, సగానికి తగ్గించు.

లేవగానే మాత్రం ఏమీ చేయకు. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. మొదటి గంట ముందుకు వంగడమే వద్దు. బకెట్ ఎత్తాలన్నా మోకాళ్లు వంచు. సూర్య నమస్కారాలు నీకిష్టమని తెలుసు, కానీ 12 భంగిమల్లో రెండుసార్లు పాదహస్తాసనం, అంటే ముందుకు వంగి చేతులతో పాదాలు అందుకోవడం, వస్తుంది. కొన్నాళ్లు పక్కన పెట్టు. శీర్షాసనం, హలాసనం ఊసే ఎత్తకు, ఒంటి బరువు మెడ మీద పడుతుంది.

నడకతో మొదలుపెట్టు. పది నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు చాలు. అది ఒంటికి పడ్డాక చాప వేసుకుని మోకాళ్లు, అరచేతుల మీద ఉండి, కుడిచెయ్యి ముందుకీ ఎడమకాలు వెనక్కీ చాపి పది సెకన్లు ఆగు. తర్వాత రెండోవైపు. నడుము మీద నీళ్ల గ్లాసు పెడితే ఒలకనంత నిలకడగా ఉండాలి. నేను నిజంగానే స్టీలు గ్లాసు పెట్టుకుని చేశాను. మొదటి వారం చాప తడవని రోజు లేదు. ఊపిరి బిగబట్టకు.

మెడకైతే గోడకి వీపు ఆనించి, తల పైకెత్తకుండా గడ్డాన్ని నెమ్మదిగా వెనక్కి లాగి ఐదు సెకన్లు ఉంచు. తలని గుండ్రంగా గిరగిరా తిప్పొద్దు.

మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా, చేతుల్లో పట్టు తగ్గినా, నడకలో తూలుతున్నా వ్యాయామంతో తగ్గుతుందని చూడకు. ఆ రోజే, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్లు.

జిమ్‌లో బరువుల సంగతి మీ డాక్టరు సరేనన్నాకే. ఇంట్లో 20 లీటర్ల వాటర్ క్యాన్ కూడా బరువే, తెచ్చిన కుర్రాణ్నే స్టాండు మీద పెట్టమను.

మంగళవారం పొద్దున లేచాక ఫోన్ చెయ్యి. రాత్రి ఎలా ఉందో వద్దు, లేచినప్పుడు ఎలా ఉందో చెప్పు.

మీ పెద్దమ్మ