పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందా? విమానం ఎక్కకముందే సరిచేసుకోండి

ముందు పాస్‌పోర్టు తీసి ఫొటో ఉన్న పేజీ చూడండి. 'సర్‌నేమ్' దగ్గర ఏమీ లేకుండా, కింద 'గివెన్ నేమ్' గడిలోనే ఇంటిపేరూ మీ పేరూ కలిసి ఒకే వరసలో ఉన్నాయా? ఉంటే అమెరికా సీటు, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), లోన్ అన్నీ పక్కన పెట్టి ముందు ఈ పని చూసుకోండి. హైదరాబాద్‌లో ఉండగా ఇది కొన్ని వేల రూపాయల్లో తేలిపోతుంది. అక్కడికి వెళ్లాక అదే పని వందల డాలర్లు మింగుతుంది. ముందే అమెరికా వెళ్లిన మా తరంలో చాలామందిమి ఆ డాలర్లు కట్టే నేర్చుకున్నాం. మీకు అడిగితే చెప్పేవాళ్లున్నారు, కాబట్టి ఆ ఖర్చు మీకు అక్కర్లేదు.

సర్‌నేమ్ ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరంతా సర్‌నేమ్ గడిలోకి పోతుంది. మొదటి పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యు' అని మూడక్షరాలు పడతాయి. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దానర్థం. ఆ మూడక్షరాలు లైసెన్సు మీదికి, జీతం చెక్కు మీదికి కూడా ఎక్కొచ్చు. పిలవడానికి బాగోదనేది చిన్న విషయం. అసలు దెబ్బ డబ్బు దగ్గర తగులుతుంది. ఒక బ్యాంకు ఆ మూడక్షరాలతో ఖాతా తెరుస్తుంది, ఇంకో కార్డు కంపెనీ మీ పేరును మరోలా విడగొట్టి రాసుకుంటుంది. క్రెడిట్ హిస్టరీ, అంటే మీ అప్పులు, వాయిదాల చరిత్ర, రెండు ముక్కలవుతుంది. రేపు కారు లోనుకు వెళ్తే మీరు కట్టిన వాయిదాల్లో సగం లెక్కలోకి రాకపోవచ్చు, వడ్డీ పెరగొచ్చు. ఉద్యోగంలో చేరాక డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం పత్రం) మీద పేరు సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పెన్షన్ పథకం) రికార్డుతో కలవకపోతే, ఆ ఏడాది సంపాదన మీ లెక్కలో జమ కాకుండా సస్పెన్స్ ఫైల్లో ఆగిపోతుంది. రిటైరయ్యాక వచ్చే డబ్బు ఆ లెక్క మీదే ఆధారపడుతుంది. గల్ఫ్ వెళ్లేవాళ్లకైతే వాకిట్లోనే అడ్డంకి: పాస్‌పోర్టులో ఒకే ఒక్క ముక్క పేరుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది.

పేరు మార్చుకునే ముందు ఏ పేరు కావాలో కాగితం మీద రాసుకోండి. మనవాళ్లలో ఇంటిపేరు ముందు, పేరు వెనక. పేరులో మళ్లీ సాయి, నాగ, వెంకట, శ్రీ అని ఒక ముక్క ముందుంటుంది. అమెరికావాడు గివెన్ నేమ్‌లో మొదటి ముక్కనే పేరనుకుంటాడు. మీరు 'వెంకట సాయి కిరణ్' అయితే జీవితాంతం 'వెంకట' అనే పిలుస్తాడు, మిగతాది మిడిల్ నేమ్ అయి కొన్ని కార్డుల మీద ఒక్క అక్షరంగా మిగులుతుంది. 'కిరణ్' అని పిలిపించుకోవాలనుంటే ఆ ముక్కను ముందుకు తేవడానికి ఇదే సమయం. న్యూమరాలజీ కోసం ఒక అక్షరం పెంచుకోవాలనుకున్నా ఇప్పుడే చేయండి. రెండోసారి మారిస్తే ఈ ఖర్చంతా మళ్లీ మొదటి నుంచీ పెట్టుకోవాలి. పైగా ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మొత్తం జీవితంలో రెండుసార్లే.

ఇక పని వరుస. వరుస తప్పితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు కాగితం అడుగుతుంది, మీరు మధ్యలో తిరుగుతూ ఉంటారు.

మొదటిది అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం. నాన్ జుడీషియల్ స్టాంప్ పేపరు మీద పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, చిరునామా, మార్పుకు కారణం టైపు చేయించి నోటరీ చేయించాలి. తర్వాత రెండు దినపత్రికల్లో ప్రకటన, ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ప్రకటన ఇలా ఉంటే చాలు: "నేను, ఫలానా వారి కుమారుడిని, ఫలానా చిరునామాలో ఉంటున్నాను. ఇంతవరకు ఫలానా పేరుతో ఉన్న నేను ఇకపై ఫలానా పేరుతో వ్యవహరించబడతాను." కానీ ఇంగ్లీషు స్పెల్లింగు అఫిడవిట్‌లో ఉన్నదే, అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి. లక్ష్మిలో 'క్ష'కు ఒకచోట కె-ఎస్-హెచ్, మరోచోట ఎక్స్ పడితే ఆ ప్రకటన ఎందుకూ పనికిరాదు, మళ్లీ డబ్బు కట్టి వేయించుకోవాలి. 'త'కు టి ఒక్కటా, టి-హెచ్చా అన్నదీ అంతే. అచ్చుకు పోకముందు ప్రూఫ్ అడిగి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదవండి. మీరుండే ప్రాంతానికి వచ్చే ఎడిషన్‌లోనే వేయమనండి. వచ్చిన రోజు ముక్క కత్తిరించి దాచుకోవద్దు. తేదీ, ఎడిషన్ కనిపించేలా పేపరు మొత్తం నాలుగైదు ప్రతులు కొని పెట్టుకోండి. ఆ రోజు పేపరు ధరకు దొరికేది నెల తర్వాత ఎంత పెట్టినా దొరకకపోవచ్చు.

అవి చేతికొచ్చాక గెజిట్, అంటే ప్రభుత్వ అధికారిక పత్రికలో ప్రకటన. రాష్ట్ర గెజిట్ అయితే చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయం, కేంద్ర గెజిట్ అయితే ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లికేషన్. ఫారాలు, రుసుములు వాళ్ల సైట్లలో చూసుకోండి, మారుతుంటాయి. గెజిట్ వేయిస్తామని రుసుముకు నాలుగింతలు అడిగే ఏజెంట్లు కనిపిస్తారు. వాళ్లు చేసేదీ ఇవే కాగితాలు ఇవ్వడం, అది మీరే చేసుకోవచ్చు.

గెజిట్ రాగానే ఆధార్, దాని వెంటే పాన్, ఆ తర్వాతే పాస్‌పోర్టు. ఎందుకంటే పేరు పూర్తిగా మారితే ఆధార్ వాళ్లు గెజిట్ అడుగుతారు. పాస్‌పోర్టు వాళ్లు కొత్త పేరుతో ఉన్న గుర్తింపు పత్రాలు అడుగుతారు. పాస్‌పోర్టులో ఇది కొత్త దరఖాస్తు కాదు, 'రీఇష్యూ' కింద వివరాల మార్పు ఎంచుకోవాలి. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు. తత్కాల్ దొరుకుతుందిలే అని చివరి వారం దాకా ఆగకండి. పోలీసు వెరిఫికేషన్‌కు వచ్చే వేళకు ఇంట్లో ఉండి, పాత పేరు, కొత్త పేరు రెండింటి కాగితాలూ చూపించాలి.

పదో తరగతి మెమో, డిగ్రీ పట్టాలు మార్చే పని పెట్టుకోకండి. నెలలు పోతాయి, చివరికి కాదంటే అంతా వృథా. వాటికి గెజిట్ కాపీ జత చేస్తే యూనివర్సిటీకి సాధారణంగా సరిపోతుంది. ఉద్యోగం చేసి వెళ్తున్నవాళ్లు పీఎఫ్ మాత్రం మర్చిపోవద్దు. అందులో పేరు మార్పుకు కొందరి విషయంలో కంపెనీ కూడా జాయింట్ డిక్లరేషన్‌లో (ఉద్యోగి, కంపెనీ కలిసి ఇచ్చే ఫారం) ఒప్పుకోవాల్సి వస్తుంది. రిజైన్ చేసి దేశం దాటాక ఆ పని ఎవరూ పట్టించుకోరు, మీ డబ్బు అక్కడే ఉండిపోవచ్చు. నాన్నగారు మీ పేరు మీద కొన్న ప్లాటుంటే ఆ దస్తావేజు ఫైల్లో కూడా ఒక గెజిట్ కాపీ పెట్టించండి.

కొత్త పాస్‌పోర్టు వచ్చాకే టోఫెల్, జీఆర్ఈ పరీక్షలు, ఐ-20, సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు), వీసా ఫారం. ఈ వరుస తిరగబడితే 350 డాలర్ల సెవిస్, 185 డాలర్ల వీసా రుసుము పాత పేరు మీద కట్టి కూర్చుంటారు.

ఇప్పటికే వెళ్లిపోయినవాళ్ల సంగతి. అక్కడి కోర్టులో పేరు మార్చుకున్నంత మాత్రాన మన పాస్‌పోర్టు మారదు, దానికి కాన్సులేట్ గడప తొక్కాల్సిందే. కాలిఫోర్నియాలో కోర్టు రుసుమే 435 నుంచి 450 డాలర్లు, పైగా నాలుగు వారాలు పత్రికలో నోటీసు, ఆ ఖర్చు వేరు. పాస్‌పోర్టులో పేరు మారాక కొత్త వీసా తీసుకోమని అమెరికా విదేశాంగ శాఖ చెబుతుంది, అంటే ఇంకో ప్రయాణం. సోషల్ సెక్యూరిటీ కార్డు మార్పు మాత్రం ఉచితం. లైసెన్సు ఆఫీసుకు దాని తర్వాతే వెళ్లాలి. సిటిజన్‌షిప్‌కు దగ్గరపడ్డవాళ్లు అయితే వేరే కోర్టు ఖర్చు పెట్టుకోవద్దు. ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు) ఫారంలోనే కొత్త పేరు అడగొచ్చు, దానికి అదనపు రుసుము లేదు. సిటిజన్‌షిప్ ప్రమాణం కోర్టులో జరిగితేనే అది కుదురుతుంది.

ప్రయాణం రోజు అఫిడవిట్, గెజిట్, పేపరు ప్రతులు, పాత పాస్‌పోర్టు అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి చేతి బ్యాగులో ఉంచుకోండి, లగేజీలో వేయకండి. ఒక సెట్ అమ్మ దగ్గర బీరువాలో ఉండాలి.