నర్సే కదా అనకు, ముందు ఫోన్ చేసి అడుగు

అమ్మడూ,

అల్లుడి ఉద్యోగం పోయిందనీ, నువ్వు న్యూజెర్సీ ఫ్యామిలీకేర్‌కి అప్లై చేశావనీ, నలుగురికీ కలిపి ఒక ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్‌ని, అదే డాక్టరులా చూసి మందులు రాసే నర్సుని, వెతుకుతున్నావనీ మీ అక్క చెప్పింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఈ హెల్త్ ఇన్సూరెన్స్, అంటే మెడికెయిడ్, తీసుకుంటే పరువు పోతుందని మీ అత్తగారు గొణుగుతున్నారట. గొణగనీ. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్ళు దాటింది, ఇన్నాళ్ళూ టాక్సులు కట్టారు, ఇప్పుడు అవసరం పడింది, అంతే. నువ్వు ఎవరినీ అడక్కుండా అప్లికేషన్ పెట్టేశావని విని ముచ్చటేసింది. టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

కాగితాలూ జీతం స్లిప్పులూ నీకు చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం తిరగేసి చెయ్యి. కార్డు వచ్చేటప్పుడు హొరైజన్, ఏట్నా, యునైటెడ్ లాంటి ఇన్సూరెన్స్ కంపెనీల ప్లాన్లలో ఒకటి ఎంచుకోమంటారు. ముందు నీకు నచ్చిన నర్స్ ప్రాక్టీషనర్‌ని చూసుకుని, ఆవిడ ఏ ప్లాన్ తీసుకుంటే ఆ ప్లాన్ తీసుకో. నువ్వు ఊరుకుంటే వాళ్ళే ఏదో ఒకటి అంటగడతారు.

ఇక మీ పెదనాన్న చేసిన పని. మాకూ ఇలాంటి రోజులొచ్చినప్పుడు ఆయన ఒక క్లినిక్‌కి ఫోన్ చేసి "మెడికెయిడ్ తీసుకుంటారా?" అని అడిగారు. తీసుకుంటాం అన్నారు. వెళ్ళాం, నర్స్ ప్రాక్టీషనర్ ఎంతో ఓపిగ్గా చూసింది, బీపీ మాత్రలు రాసింది, సంతోషంగా ఇంటికొచ్చాం. తర్వాత బిల్లు! ఆ క్లినిక్‌లో డాక్టరు మా ప్లాన్‌లో ఉన్నాడు, మమ్మల్ని చూసిన ఆవిడ లేదు. సరే, అప్పుడైనా కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు కదా? చెయ్యలేదు. కవర్లు విప్పకుండా సొరుగులో పడేశారు, నాకు చెప్పనైనా లేదు. బాకీలు వసూలు చేసే కలెక్షన్ వాళ్ళ ఉత్తరం వస్తే గానీ నాకు తెలీలేదు. నేను ప్లాన్ వాళ్ళకి ఫోన్ చేసి కంప్లైంట్ పెడితే బిల్లు కొట్టేశారు. కానీ ఈలోగా మళ్ళీ బిల్లొస్తుందేమోనన్న భయంతో ఆయన మాత్రలే మానేశారమ్మా. డబ్బు సంగతి ఎప్పుడో మర్చిపోయాను, ఇది మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

కాబట్టి "మెడికెయిడ్ తీసుకుంటారా" అని అడిగి పెట్టెయ్యకు. ఫలానా ఆవిడ, ఈ అడ్రసులో, నా ఈ ప్లాన్‌లో ఉందా, కొత్త పేషెంట్లని చేర్చుకుంటోందా అని విడివిడిగా అడుగు. పెద్దవాళ్ళనీ పిల్లలనీ ఇద్దరినీ చూస్తుందా అని కూడా. చెప్పినవాళ్ళ పేరు రాసుకో. తర్వాత అదే మాట ప్లాన్ వాళ్ళనీ అడుగు, ఎందుకంటే వాళ్ళ వెబ్‌సైట్ లిస్టులో ఎప్పుడో వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కూడా ఉంటాయి. న్యూజెర్సీలో వీళ్ళ లైసెన్సు మీద ఏ.పి.ఎన్. (అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్స్) అని ఉంటుంది, వెతికేటప్పుడు ఆ పేరుతోనూ చూడు. ఎవరూ దొరక్కపోతే న్యూ బ్రన్స్విక్‌లోనో పెర్త్ అంబాయ్‌లోనో ఉన్న కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్ళు. అలాంటి సెంటర్లు మెడికెయిడ్ తీసుకుంటాయి, కార్డు ఇంకా రాకపోయినా ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి.

"డాక్టరు కాదా, నర్సేనా?" అని మీ అత్తగారు అంటే, నర్సింగ్ అయ్యాక మళ్ళీ మాస్టర్స్ చదివినవాళ్ళని చెప్పు. 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, ఒక పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టిన చదువు ఇది. మెడికెయిడ్ పుట్టిందీ ఆ ఏడే. అయినా మన ఊళ్ళో మీ అమ్మకీ నాకూ టీకాలేసింది ఎవరు? ఏ.ఎన్.ఎమ్. గారే. మా అమ్మ ఆవిడకి ఇచ్చిన మర్యాద పెద్దాసుపత్రి డాక్టరుకి కూడా ఇవ్వలేదు.

ఇంకోటి. నీ థైరాయిడ్ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నావట, అయిపోతాయని. బుద్ధుందా నీకు? రేపే ఆ హెల్త్ సెంటర్‌కి ఫోన్ చెయ్యి. పిల్లల్ని నా దగ్గర దింపి వెళ్ళు, పప్పూ అన్నం పెడతాను.

పెద్దమ్మ